గొంతమ్మకి దక్కిన పేరు

తెరమీద మూడు వందల మంది ఆడవాళ్ళ ఏడుపు ఏడ్చిన మనిషి ఆమె. రైలు కదిలిపోతుంటే ఏడ్చింది, ఆసుపత్రి మంచం పక్కన ఏడ్చింది, మొగుడు తలుపేసుకుంటే గుమ్మం బయట కూర్చుని ఏడ్చింది. కన్నీళ్ళు హీరోయిన్లవి, వెక్కిళ్ళు ఈమెవి. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా! డబ్బింగ్ థియేటర్లో అందరూ ఆమెని గొంతమ్మ అనేవారు. సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేక ఆ పేరు ఆమెకే కొత్తగా వినిపించే రోజులు కూడా ఉండేవి.

ఆ థియేటర్ అంటే ఏదో అనుకునేరు. కిటికీల్లేని గది. గోడలకి మందపాటి స్పాంజీ, నేలమీద అరిగిపోయిన తివాచీ, మధ్యలో ఒక మైకు, ఎదురుగా తెర, పక్కన అద్దం. అద్దం అవతల సౌండాయన మీటలు తిప్పుతూ కూర్చుంటాడు. చప్పుడవుతుందని ఫ్యాను వెయ్యరు. చేతి గడియారం, చెప్పులు గుమ్మం బయటే వదిలెయ్యాలి. ఖాళీ కడుపుతో రాకూడదు, ఎందుకంటే మైకు ముందు నిలబడితే కడుపులో పేగుల అరుపు కూడా రికార్డయిపోతుంది. ఒకసారి ఒక రాజకుమారి ప్రాణాలు విడుస్తున్న ఘట్టంలో గొంతమ్మ కడుపు గుర్రుమంది. "చచ్చేముందు కూడా ఆకలేనా చెల్లెమ్మా?" అని సౌండాయన నవ్వాడు. అప్పటినుంచి రెండు బిస్కెట్లు తినకుండా ఆమె మైకు ముట్టుకోలేదు.

ఇరవై ఆరేళ్ళు చేసింది ఆ పని. సినిమాల్లో ఆడవాళ్ళు ఏం మాట్లాడతారో ఆమెని నిద్రలేపి అడిగినా చెప్పేది. "అది కాదండీ." "నన్ను క్షమించండి." "మీ కాళ్ళ దగ్గర ఇంత చోటివ్వండి." హీరోకి పేజీలకి పేజీలు రాస్తారు, ఆయన చెయ్యెత్తి మరీ చెప్తాడు. హీరోయిన్ పక్కన నిలబడి ఊ కొడుతుంది. "ఒక్కసారి నా మాట వినండి" అని గొంతమ్మ ఏ వెయ్యిసార్లో చెప్పి ఉంటుంది. ఆ మాట ఏమిటో మాత్రం ఏ సినిమాలోనూ ఎవరూ రాయలేదు. ఆవిడ వినమనగానే హీరో విసురుగా వెళ్ళిపోతాడు, సీను అయిపోతుంది. మొదట్లో దానికి నవ్వొచ్చేది గొంతమ్మకి. పోనుపోను నవ్వు కూడా రావడం మానేసింది.

ఇంట్లో ఇద్దరే, ఆమె, ఆమె అత్తగారు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. మెట్లకింద ఒకటిన్నర గది ఇల్లు, గోడకానుకుని రెండు మంచాలు. అత్తగారికి డెబ్భై ఆరేళ్ళు, నోరు కత్తెర, చెవులు మాత్రం పాము చెవులు. కోడలు గొంతిచ్చిన ప్రతి సినిమాకీ మధ్యాహ్నం ఆటకి ఒక్కతే వెళ్ళొచ్చి తీర్పు చెప్పేది.

"రెండో ఏడుపు బాగా లేదే. జలుబు చేసిందా ఆవేళ?"

"చేసింది అత్తయ్యా."

"అనుకున్నా. మొదటి ఏడుపు మాత్రం బంగారం. పక్క సీటావిడ ముక్కు చీదుకుంది. మా కోడలే అని చెబితే నమ్మదే! తెరమీద పేరేదీ, చూపించు అంది. నేనేం చూపించను, నా బొంద?"

అదీ బాధ. టీలందించిన వాళ్ళ పేరు వేస్తారు, హీరోగారి కారు తోలినవాడి పేరు వేస్తారు. గొంతిచ్చిన ఆడమనిషి పేరు మాత్రం వెయ్యరు. వేస్తే ఆ గొంతు హీరోయిన్‌ది కాదని తెలిసిపోయి మోజు తగ్గుతుందట. భర్త బతికి ఉన్నన్నాళ్ళూ ఆటయ్యాక జనమంతా లేచిపోయినా తానొక్కడే కుర్చీలో కూర్చుని ఆఖరి అక్షరందాకా చదివేవాడు. ఊడ్చేవాళ్ళు వచ్చి లేవమంటే అప్పుడు లేచేవాడు. పోయేముందు కూడా అదే మాట. "ఒక్కసారి వేయించుకోవే. అడిగితే పోయేదేముంది?"

ఆమె అడగలేదు. అడిగితే పనిపోతుందని భయం. కానీ ఈసారి కాలం కలిసొచ్చింది. ఒక పెద్ద సినిమా విడుదలకి పన్నెండు రోజులుంది, హీరోయిన్‌కి చెప్పాల్సిన గొంతుకి జ్వరం, గొంతిచ్చే మిగతా ఇద్దరూ వేరే ఊళ్ళలో ఇరుక్కున్నారు. డైరెక్టరు స్వయంగా ఫోన్ చేశాడు. గొంతమ్మ కళ్ళు మూసుకుని అడిగేసింది. "పేరు వేస్తానంటే వస్తానండీ. గుంపులో కాదు, విడిగా."  "సరేనమ్మా, వేస్తాను" అన్నాడాయన.  అత్తగారు ఆ పూట వీధిలో కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకొచ్చింది.

ఆ సినిమాలో హీరోకి యాభై దాటాయి. హీరోయిన్ కొత్తమ్మాయి, ఇరవై రెండేళ్ళు, భాష వచ్చిన పిల్ల, నాటకాలాడి వచ్చిన పిల్ల. గొంతు ఖంగుమంటుంది. మరి ఆ పిల్ల చేతే చెప్పించొచ్చుగా? పెరటి చెట్టు మందుకు పనికొస్తుందా! హీరోయిన్ గొంతు సన్నగా, ముద్దుగా, సగం మాట నోట్లోనే కరిగిపోయేట్టు ఉండాలట. ఈ పిల్ల మాట్లాడితే ఎదుటివాళ్ళు వినాల్సి వస్తుంది. అదీ ఇబ్బంది.

డబ్బింగ్ మొదలైన రోజు ఆ కొత్తమ్మాయి వచ్చింది. తన మాటలు తననే చెప్పనివ్వమని డైరెక్టర్ని బతిమాలి, కాదనిపించుకుని, బయట నడవలో నీళ్ళ కూలరు పక్కన నిలబడి ఉంది. గొంతమ్మని చూసి నవ్వబోయింది, రాలేదు.

"నా గొంతు అంత బాలేదా ఆంటీ?"

"చక్కగా ఉందమ్మా. అదే వచ్చిన తంటా."

ఆ పిల్ల ఈసారి నిజంగానే నవ్వింది. నంబరు ఒక కాగితం ముక్కమీద రాసిచ్చింది. "ఎక్కడైనా నేనేమన్నానో అర్థం కాకపోతే ఫోన్ చెయ్యండి. నా మాటలు జాగ్రత్త ఆంటీ" అంది. పసిబిడ్డని పక్కింట్లో వదిలివెళ్ళే తల్లిలా వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది. గొంతమ్మకి ఆ పిల్లమీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇక్కడ గొంతమ్మ పనితీరు గురించి ఒక ముక్క చెప్పాలి. మిగతావాళ్ళు ముందు కాగితం చూసి మాటలు నోటికి పట్టి, ఆ తర్వాత తెర చూస్తారు. ఈమెది తిరగేసిన పద్ధతి. ముందు శబ్దం లేకుండా బొమ్మ వెయ్యమంటుంది. పెదాలు చూస్తూ వాటితోపాటే తనూ గొణుగుతుంది. ఎక్కడ ఊపిరి పీల్చిందో, ఎక్కడ పెదవి కొరికిందో పట్టుకుని, అప్పుడు కాగితం చేతిలోకి తీసుకుంటుంది. షూటింగులో కొందరు హీరోయిన్లు మాటలు గుర్తుండక ఒకటీ రెండూ మూడూ అని అంకెలు లెక్కపెట్టేస్తుంటారు. వాళ్ళతోపాటు గొంతమ్మ కూడా ఎంతో ఆర్తిగా, "పదకొండు, పన్నెండు" అని గొణుగుతుంటే అద్దం అవతల అందరూ పడిపడి నవ్వేవారు. ఇరవై ఆరేళ్ళలో ఆమె కళ్ళకి వినడం వచ్చేసింది.

నాలుగు రోజులు పని సాఫీగా జరిగింది. అయిదో రోజు పొద్దున పదింటికి వాన సీను. రేకుల షెడ్డు కింద హీరో, హీరోయిన్. హీరో ఆమె చెయ్యి వెనక్కి మెలితిప్పి దగ్గరికి లాక్కుంటాడు. ఆమె మొహం తెరనిండా. వాన కురిపించే మోటార్ల హోరులో అక్కడ రికార్డయిన శబ్దం ఎందుకూ పనికిరాలేదు, మొత్తం ఇక్కడే చెప్పాలి. సౌండాయన బొమ్మ వేశాడు. గొంతమ్మ అలవాటుగా మైకు ముందుకు వంగి, ఆ పెదాలని చూస్తూ తన పెదాలు కదిపింది. ఆ మొహం ఎలా ఉంటే ఆమె గొంతు అలా పలకాల్సిందే, అది ఆమె చేతుల్లో లేదు.

"సార్, కట్ చెప్పండి. నొప్పెడుతోంది. నిజంగానే సార్, యాక్టింగ్ కాదు. కట్ చెప్పండి సార్."

అద్దం అవతల ముగ్గురున్నారు, డైరెక్టరు, మాటల రచయిత, సౌండాయన.  బొమ్మ ఆగిపోయింది.

"ఏ సీను కాగితం చూస్తున్నారమ్మా?" రచయిత అడిగాడు. "ఇందులో మాట అది కాదుగా."

"నేనింకా కాగితం చూళ్ళేదండీ. ఆ పిల్ల అన్నదే అన్నాను."

సౌండాయన ఎవరూ చెప్పకుండానే బొమ్మ వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. ఈసారి నలుగురూ చూశారు. ఒకసారి తెలిశాక కనబడకుండా ఎలా ఉంటుంది? ఎంత స్పష్టంగా అంటోందంటే, చదువురాని వాడికైనా తెలిసిపోతుంది. కళ్ళు హీరోవైపు లేవు. పక్కకి, కెమెరా వెనక నిలబడే మనిషివైపు ఉన్నాయి.

గొంతమ్మ అప్పుడు కాగితం చూసింది. ఆ పెదాలమీద ఆమె చెప్పాల్సిన మాట ఇది: "మీ మొండితనమే నాకిష్టం. ఇంక ఎప్పటికీ వదలకండి." పక్కన చిన్న అక్షరాల్లో, నవ్వుతూ, సిగ్గుగా, అని ఉంది. 

డైరెక్టరు లోపలికి వచ్చి తలుపు మూశాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"భలే పట్టారమ్మా. అందుకే మీరంటే నాకు గౌరవం. ఆ రోజు మోటార్ల గోలలో ఎవరికీ ఏమీ వినబడలేదు."

"మీవైపే చూస్తోందండీ."

"చూసింది. టేకు మధ్యలో ఆపితే మళ్ళీ ట్యాంకర్లు నింపాలి, హీరోగారు మళ్ళీ తడవాలి. పైగా ఆ మొహంలో ఆ భావం చూశారూ? ఇరవై టేకులు తీసినా రాదది."

"అంటే మీకు తెలుసన్నమాట!"

"కొత్తవాళ్ళలా మాట్లాడకండి. మీరీ రంగంలో నాకన్నా సీనియరు."

గొంతమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు తగ్గించే అడిగింది, ఏళ్ళ తరబడి అలవాటైపోయిన తగ్గింపు. "ఈ ముక్క తీసెయ్యండి. తియ్యలేరా, పోనీ మాటన్నా మార్చండి. 'వదలండి' అననివ్వండి చాలు. ఆ పిల్ల అన్నదాంట్లో పావలా వంతన్నా మిగులుతుంది."

"హీరో చెయ్యి పట్టుకుంటే హీరోయిన్ వదలమంటుందా? హాల్లో కుర్చీలు విరగ్గొడతారు." ఆయన గడియారం చూసుకున్నాడు. "మీకు ఇష్టం లేకపోతే బలవంతం లేదు. జ్వరం తగ్గిందట, పాత అమ్మాయి సాయంత్రం వస్తానంది. ఈ ఒక్క సీనేమిటి, సినిమా అంతా తనే చెప్పేస్తుంది. పేరు ఎవరిది వెయ్యాలో అరగంటలో చెప్పండి, టైటిళ్ళవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

గొంతమ్మ చెప్పుల్లేకుండానే నడవలోకి వచ్చి బెంచీమీద కూర్చుంది. గోడనిండా హీరోయిన్ల ఫోటోలు, అందరూ ఈమె గొంతుతో మాట్లాడినవాళ్ళే. ఊరందరూ చుట్టాలే, ఉట్టి కట్టే చోటే లేదు. సౌండాయన బయటికి వచ్చి, గ్లాసుడు నీళ్ళు పట్టి ఆమె చేతికిచ్చి, తేలుకుట్టిన దొంగలా లోపలికి పోయాడు. అతనికీ ఇల్లుంది, ఇద్దరాడపిల్లలున్నారు.

పర్సులోంచి ఆ కాగితం ముక్క తీసింది. నంబరు ఫోన్లో నొక్కింది కూడా. మోగేలోపే ఆపేసింది. ఏమని చెప్పాలి? నువ్వన్నది నేను చూశాను, ఇప్పుడు దానిమీద మట్టి కప్పబోతున్నాను, అనా? చెబితే ఆ పిల్ల ఊరుకోదు, నలుగురిలో అంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, మొదటి సినిమాతోనే ఆ పిల్లకి తలుపులు మూసుకుపోతాయి. ఇలా ఆ పిల్ల మంచికోసమే చెప్పడం లేదని తనకి తాను నచ్చజెప్పుకుంది గొంతమ్మ. ఎంత చక్కగా నచ్చజెప్పుకుందో! నేను కాదంటే ఇంకొకతె చెబుతుంది, మాట ఎలాగూ పడుతుంది, నా పేరన్నా మిగలనీ అనుకుంది. అబద్ధమేం కాదది. అందుకే దాన్ని కాదనలేకపోయింది.

అంతలో ఫోన్ మోగింది. అత్తగారు.

"ఏమే, పేరు పెద్దక్షరాలతోనా, చిన్నక్షరాలతోనా? నా కళ్ళజోడు మార్పించుకోవాలా, దీంతో కనబడుతుందా?"

"కనబడుతుంది అత్తయ్యా."

"వాడుంటే ఎంత సంబరపడేవాడో" అంది ముసలావిడ. ఫోన్ పెట్టేసింది.

గొంతమ్మ నీళ్ళు తాగింది. రెండు బిస్కెట్లు తింది. లోపలికి వెళ్ళి మైకు ముందు నిలబడి, ఆ పిల్ల కళ్ళవైపు చూడకుండా, పెదాలు మాత్రం చూస్తూ చెప్పింది. "మీ మొండితనమే నాకిష్టం. ఇంక ఎప్పటికీ వదలకండి." నవ్వుతూ. సిగ్గుగా. ఒకే టేకు. కావాలని పాడుచేద్దామనుకుంది, ఒట్టు, నిజంగానే అనుకుంది. కానీ ఇరవై ఆరేళ్ళ పనితనం ఆమె మాట వినలేదు. ఊపిరి ఊపిరికి అతికింది. నొప్పితో ముడుచుకున్న ఆ మొహం, ఈ గొంతు తగలగానే, మురిసిపోతున్న మొహమైపోయింది. 

"అదీ!" అద్దం అవతల డైరెక్టరు బల్లమీద కొట్టాడు. "ఇందుకే మీరు కావాలన్నాను."

సౌండాయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాతి సీనుకి అయిదు నిమిషాలు టైమడిగాడు.

విడుదల రోజు పొద్దుటి ఆటకి చిత్ర బృందానికి నాలుగు వరుసలు కేటాయించారు. గొంతమ్మకి టిక్కెట్లు రావడం అదే మొదటిసారి. అత్తగారు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, గంట ముందే బయల్దేరదీసింది. హాలు కిక్కిరిసిపోయింది. వాళ్ళ ముందు వరుసలో కొత్తమ్మాయి, పక్కన వాళ్ళమ్మ కాబోలు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, "బాగున్నారా ఆంటీ?" అని నవ్వింది. గొంతమ్మ తలూపింది. ఏ మొహం పెట్టుకుని మాట్లాడుతుంది?

వాన సీను వచ్చింది. హీరో చెయ్యి మెలితిప్పగానే ఈలలు మొదలయ్యాయి. తెరమీద ఆ పిల్ల, "ఇంక ఎప్పటికీ వదలకండి" అంది. హాలు ఊగిపోయింది, కాగితాలు ఎగిరాయి. వెనకనుంచి ఎవడో "నొప్పంటే అంత ఇష్టమా పాపా" అని అరిచాడు, నవ్వులే నవ్వులు. ముందు వరుసలో ఆ పిల్ల కదల్లేదు. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని అలాగే ఉండిపోయింది. వాళ్ళమ్మ మురిపెంగా ఆ పిల్ల చెవిలో ఏదో అంది.

"బాగా పలికావే" అత్తగారు గుసగుసలాడింది. "నీ పెళ్ళైన కొత్తలో నా కొడుకుతో ఇట్టాగే నవ్వేదానివి."

గొంతమ్మ కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. సంతోషమనుకుని ముసలావిడ కొంగుతో తుడిచింది.

సినిమా అయిపోయింది. జనం లేచారు. అత్తగారు లేవనివ్వలేదు. హీరోగారి కారు డ్రైవరు పేరు పోయింది, టీలవాళ్ళ పేర్లు పోయాయి. అప్పుడు నల్లటి తెరమీద, విడిగా, ఒక్కటే వచ్చింది. హీరోయిన్‌కి గాత్రం, కింద గొంతమ్మ అసలు పేరు, ఇంటిపేరుతో సహా. మూడు సెకన్లు.

అత్తగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "అదిగో! మా కోడలే! ఆ మాటలన్నీ ఇదే చెప్పింది, ఇదిగో ఇక్కడే ఉంది!" హాల్లో మిగిలిన పదిమందీ తిరిగి చూశారు. కొత్తమ్మాయి కూడా తిరిగింది. తెరవైపు చూసి, గొంతమ్మవైపు చూసింది. జ్వరం తగ్గి పాత అమ్మాయే వచ్చి చెప్పిందని ఎక్కడో విన్నట్టుంది ఆ పిల్ల, ఆ సీను చెప్పింది ఈమె కాదని అప్పటిదాకా నమ్ముకుని ఉన్నట్టుంది.

దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మకి వినబడకుండా, చాలా మెల్లగా అడిగింది.

"మీరు ముందు పెదాలు చూస్తారట కదా ఆంటీ. డబ్బింగ్ థియేటర్లో అందరూ చెప్పారు. నేనేమన్నానో మీకు తెలిసిందా?"

తెలియలేదనొచ్చు. ఒక్క అబద్ధంతో పోయేది. మూడు వందల మంది తరఫున అబద్ధాలాడిన గొంతుకి ఆ ఒక్కటీ బరువా? కానీ ఆ కళ్ళముందు అది కూడా చేతకాలేదు గొంతమ్మకి.

"తెలిసిందమ్మా."

ఆ పిల్ల అరవలేదు, తిట్టలేదు. 

"మోటార్ల చప్పుడులో ఎవరికీ వినబడలేదేమో అనుకున్నానాంటీ. ఇన్నాళ్ళూ అదే అనుకుని నిద్రపోయాను."

వాళ్ళమ్మ పిలిచింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

"ఏమందే ఆ అమ్మాయి?" అత్తగారు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. "నీకు థాంక్సు చెప్పిందా?"

 ఊడ్చేవాళ్ళు వచ్చి లేవమన్నారు.